రిఫండ్ వచ్చింది గానీ ఆ బటన్ పేరేంటో తెలీలేదు

ముందే చెప్తున్నా, ఇది యాప్ మీద రివ్యూ కాదు, యాప్ కొన్నాక అది మనకి పనికిరాదని తేలితే డబ్బు వెనక్కి ఇచ్చే సర్వీసు ఉంది కదా, దాని మీద రివ్యూ. దాన్ని కూడా సర్వీసే అంటారు మరి, దానికెవరూ స్టార్లు ఇవ్వరు ఎందుకో. నాకు చూపు లేదు, ఫోన్ మొత్తం స్క్రీన్ రీడర్‌తోనే, అంటే తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తోనే వాడతా, రెండు ఫోన్లున్నాయి, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, అందుకని రెండు స్టోర్లలోనూ డబ్బులు పోగొట్టుకునే భాగ్యం నాకుంది. రిఫండ్ అడగడంలో ఈ మధ్య చెయ్యి తిరిగిపోయింది, నాలాగా వాడేవాళ్ళకి ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. పెద్దగానే ఉంటుంది, ఓపిక ఉంటేనే చదవండి.

మొన్న జరిగింది చెప్తా. సౌండ్ రికార్డింగులు కత్తిరించి అతికించే యాప్ ఒకటి కొన్నా, పేరు చెప్పను, చేసినాయన ఒక్కడే అనుకుంటా పాపం. నా బుర్ర ఎలా ఆలోచించిందంటే, శబ్దాలతో పని చేసే యాప్ కదా, వినికిడితోనే బతికే మాలాంటోళ్ళ కోసం కాకపోతే ఇంకెవరి కోసం చేస్తారు, కచ్చితంగా పనిచేస్తుంది అని. స్టోర్ పేజీలో వివరణ అంతా చదివా, "చాలా సులువైన డిజైన్" అని మూడు చోట్ల రాసుంది. కింద స్క్రీన్‌షాట్లు ఉంటాయి కదా, చూపున్నోళ్ళు కొనేముందు చూసేది అవే, నాకు మాత్రం అవి వట్టి ఇమేజ్, ఇమేజ్, ఇమేజ్. అంటే కొనే ముందు సరుకు తిప్పి చూసే అవకాశం వాళ్ళకుంది, నాకు లేదు. ఇక్కడే మొదలవుతుంది తేడా.

కొన్నా, తెరిచా, కుడికి స్వైప్ చేసుకుంటూ వెళ్ళా, ఒక్కో స్వైప్‌కి తెర మీదున్న ఒక్కోదాన్నీ చదువుతుంది. "అన్‌లేబుల్డ్, బటన్." అంటే లేబుల్ లేని, పేరు పెట్టని బటన్ అని. ఇంకోసారి. "అన్‌లేబుల్డ్, బటన్." ఇంకా పక్కకి. మళ్ళీ అదే. అలా పైవరసలో ఆరు ఉన్నాయి, ఆరూ ఒకటే పేరు, ఒకే ఇంట్లో ఆరుగురు పిల్లలకి అసలు పేర్లే పెట్టనట్టు. ఒక్కోటి నొక్కి ఏం జరుగుతుందో విని తెలుసుకుందామంటే, ఒకటి నొక్కితే ఏమీ జరగదు, ఇంకోటి నొక్కితే ఏదో జరిగింది గానీ ఏం జరిగిందో చెప్పదు, నాలుగోది నొక్కాక చూస్తే నా రికార్డింగ్‌లో సగం మాయం. ఆ మధ్యలో ఉండే అలల బొమ్మ, అదే వేవ్‌ఫామ్, దాని మీద వేలు పెట్టి జరిపితే కదా ఎక్కణ్ణించి ఎక్కడిదాకా కత్తిరించాలో తెలిసేది, అది టాక్‌బ్యాక్‌కి అసలు ఉన్నట్టే లేదు. వేలు దాని మీదికి వెళ్తే మౌనం. గుడ్డికన్ను మూస్తేనేం తెరిస్తేనేం అని సామెత ఒకటుందిగా, నా ముందు ఎవరూ అనరు గానీ, ఆ రోజు ఆ యాప్ తెరిచినా మూసినా నాకు ఒకటే అయింది, సామెతని నేనే వాడేసుకున్నా.

ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. యాప్‌లో ఏ బటనూ మాట్లాడకపోయినా, డబ్బు కట్టే తెర మాత్రం ఎప్పుడూ చక్కగా, స్పష్టంగా, ముద్దొచ్చేట్టు మాట్లాడుతుంది. ఎందుకంటే ఆ తెర యాప్ చేసినోళ్ళది కాదు, ఫోన్ సిస్టమ్‌ది, స్టోర్ వాళ్ళే గీసి ఇస్తారు, దానికి అన్ని లేబుళ్ళూ ఉంటాయి. లోపలికొస్తే చీకటి, గుమ్మం దగ్గర టికెట్ కౌంటర్‌లో మాత్రం దీపాలు. సబ్‌స్క్రిప్షన్ అమ్మే యాప్స్‌లో ఇది ఇంకా ఘోరం, "ట్రయల్ మొదలుపెట్టండి" అనే బటన్ చదువుతుంది, మూసేసే ఎక్స్ గుర్తు మాత్రం చదవదు, లేదా అసలు ఫోకస్‌కే, అంటే స్క్రీన్ రీడర్ ఆగి చదివే చోటుకే దొరకదు. కావాలని చేశారని అనను, మూలన చిన్నగా లేతరంగులో పెట్టిన బొమ్మకి పేరు పెట్టడం గుర్తురాదు ఎవరికీ, కానీ ఫలితం అయితే కావాలని చేసినట్టే ఉంటుంది.

సరే రిఫండ్ దగ్గరికొద్దాం. ఈ యాప్ కొన్నది గూగుల్ ప్లేలో. అక్కడ కొన్న 48 గంటల లోపు అడిగితే స్టోరే చూసుకుంటుంది, అదీ కొనుగోలు వివరాలు చూసి నిర్ణయిస్తారు, అడిగిన ప్రతివాడికీ ఇస్తారని రాసి లేదు. ఆ గడువు దాటితే డెవలపర్‌ని, అంటే యాప్ చేసినోళ్ళని అడుక్కోమంటారు. నేను ఆ సాయంత్రమే అడిగా. వెబ్‌సైట్‌లో మన ఆర్డర్ హిస్టరీ తెరిచి, ఆ కొనుగోలు పక్కన "రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్" నొక్కి, కారణం ఎంచుకుని, నాలుగు ముక్కలు రాసి పంపడమే. ఫారం అంతా స్క్రీన్ రీడర్‌తో నేనే నింపా, ఎవర్నీ పిలవలేదు, అది ముఖ్యం నాకు, ఎందుకంటే చూపులేనివాళ్ళకి యాప్ పనిచేయలేదని చెప్పుకునే ఫారమే చూపులేనివాళ్ళకి పనిచేయకపోతే ఇంక ఏ గోడకి చెప్పుకోవాలి. డబ్బు వచ్చేసింది. గొడవ లేదు, ప్రశ్నలు లేవు.

ఈ 48 గంటలు మనకి ఎంత గొప్పో పాతవాళ్ళకి తెలుసు. ఆండ్రాయిడ్ స్టోర్‌లో మొదట్లో 24 గంటలు ఉండేది, 2010 డిసెంబర్‌లో దాన్ని 15 నిమిషాలకి కుదించారు. 15 నిమిషాలు! చూపున్నోడికి సరిపోతుందేమో, తెరవగానే తెర మొత్తం ఒక్క చూపులో కనపడిపోతుంది కాబట్టి. స్క్రీన్ రీడర్‌తో కొత్త యాప్ అంటే కొత్త ఇంట్లో తడుముకుంటూ తిరగడమే, ఏ గోడ ఎక్కడుందో, తలుపు ఎటు తెరుచుకుంటుందో ఒక్కో అడుగూ వేసి తెలుసుకోవాలి, 15 నిమిషాల్లో హాలు కూడా దాటం. పెద్ద గేమ్ అయితే అదనపు ఫైళ్ళు డౌన్‌లోడ్ అయ్యేసరికే గడువు అయిపోయేది. 2014లో 2 గంటలు చేశారు, అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకున్నాం. గడువు పొడుగు అనేది అందరికీ ఒకే కొలత కాదు అని చెప్పడానికి ఇది ఎత్తా, మళ్ళీ కొంచెం సేపటికి దీని దగ్గరికే వస్తా.

యాపిల్ వైపు పద్ధతి వేరు. రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్ అని ఒక వెబ్ పేజీ ఉంది, యాపిల్ అకౌంట్‌తో లాగిన్ అయ్యి, "రిక్వెస్ట్ ఎ రిఫండ్" ఎంచుకుని, కారణం చెప్పి, ఏ కొనుగోలో టిక్ పెట్టి పంపాలి. మామూలుగా 24 నుంచి 48 గంటల్లో సంగతి చెప్తారు. ఇక్కడ ఇవ్వాలా వద్దా అనేది తేల్చేది యాపిలే, డెవలపర్ కాదు. చాలామంది డెవలపర్‌కి మెయిల్ పెట్టి "నా డబ్బులివ్వు" అని పోట్లాడతారు, ఆయన ఇద్దామనుకున్నా ఆయన చేతిలో మీట లేదు, ఆయన చేయగలిగింది ఆ పేజీ లింక్ మీకు పంపడం వరకే. ఇంకో చిక్కు, బ్యాంకులో ఆ లావాదేవీ ఇంకా పెండింగ్‌లో ఉంటే రిఫండ్ అడగనివ్వదు, డబ్బు పూర్తిగా కట్ అయ్యాకే అడగాలి. నేను మొదటిసారి అది తెలీక పేజీ పాడైందనుకుని మూడుసార్లు లాగౌట్ అయ్యి లాగిన్ అయ్యా. ఒప్పుకున్నాక డబ్బు స్టోర్ బ్యాలెన్స్‌కైతే రెండు రోజుల్లో కనపడుతుంది, కార్డుకైతే 30 రోజుల దాకా పట్టొచ్చు అని వాళ్ళే చెప్తారు.

సబ్‌స్క్రిప్షన్ విషయంలో ఒకటి గట్టిగా పట్టుకోండి. యాప్ డిలీట్ చేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. రిఫండ్ అడిగా కదా, అదే ఆగిపోతుందిలే అని కూర్చోకూడదు, స్టోర్ సెట్టింగుల్లోకి వెళ్ళి క్యాన్సిల్ విడిగా చెయ్యాలి, ఆ రెండూ రెండు పనులు. యాప్ లోపల క్యాన్సిల్ బటన్ వెతుక్కుంటూ గంటలు పోగొట్టుకోవద్దు, పేర్లు లేని బటన్ల మధ్య అది ఎలాగూ దొరకదు, స్టోర్ సెట్టింగుల్లో అయితే సిస్టమ్ తెర కాబట్టి చక్కగా చదువుతుంది.

ఇప్పుడు అసలు బాధకొస్తా. కారణం ఎంచుకోమని ఒక లిస్టు ఇస్తారు చూశారా, పొరపాటున కొన్నా, పిల్లలు కొన్నారు, ఇక వద్దు, పనిచేయట్లేదు, అనుకున్నట్టు లేదు, ఇలాంటివి. ఇందులో మన కారణం ఏది? పొరపాటున కొనలేదు, కావాలనే కొన్నా. పిల్లలు కొనలేదు. వద్దని కాదు, కావాలి, ఇప్పటికీ కావాలి! పనిచేయట్లేదా అంటే, చూపున్న మా తమ్ముడు పట్టుకుంటే బ్రహ్మాండంగా పనిచేస్తోంది. "స్క్రీన్ రీడర్‌తో వాడలేకపోతున్నా" అనే గడి నేను అడిగిన ఏ సారీ నాకు తగల్లేదు. చివరికి "పనిచేయట్లేదు" దగ్గరే నొక్కుతా, అదే దగ్గర చుట్టం. అయితే దానివల్ల ఏమవుతుందంటే, నా కారణం వెళ్ళి ఫోన్ వేడెక్కి యాప్ మూసుకుపోయినోళ్ళ కారణాలతో ఒకే బుట్టలో పడిపోతుంది. డెవలపర్‌కి తెలిసేది ఒక అమ్మకం వెనక్కి పోయిందని, అంతే. ఎందుకు పోయిందో తెలీదు. ఆరు బటన్లకి ఆరు పేర్లు పెట్టి ఉంటే ఆ అమ్మకం నిలిచేదని ఆయనకి ఎవరు చెప్పాలి?

అందుకే నా స్టార్లు ఇలా ఇస్తా. డబ్బు తిరిగి ఇవ్వడంలో, రెండు స్టోర్లకీ కలిపి, అయిదుకి నాలుగు. ఎందుకు అడుగుతున్నామో వినడంలో ఒకటిన్నర, ఆ సగం కూడా రాసుకోడానికి ఖాళీ డబ్బా ఒకటి ఇచ్చినందుకు.

ఆ ఖాళీ డబ్బాలో ఏం రాస్తామనేదే మొత్తం ఆట. ఒకసారి ఏమైందంటే, ఏ ఫోన్‌లోనో ఏ స్టోర్‌లోనో చెప్పను, నోట్సు రాసుకునే యాప్ ఒకటి కొని, కోపం మీదున్నా, ఆ డబ్బాలో రెండు పేరాలు దంచికొట్టా, అంధులంటే ఇంత చులకనా, సమానత్వం ఏది, హక్కులు ఏవి, అని. రాస్తుంటే నాకే ఒళ్ళు పులకరించింది. మర్నాడు మెయిల్ వచ్చింది, మీ కొనుగోలు రిఫండ్‌కి అర్హం కాదు, ధన్యవాదాలు. ఒక రోజు అలిగి కూర్చుని, తర్వాత మళ్ళీ అడిగా, ఈసారి పొడిపొడిగా రాశా. ఫోన్ మోడల్ ఇది, వెర్షన్ ఇది, స్క్రీన్ రీడర్ ఆన్‌లో ఉంది, కొత్త నోట్ సేవ్ చేసే బటన్‌కి పేరు లేదు, ఫోకస్ అక్కడికి వెళ్ళదు, కాబట్టి యాప్ దేనికోసం కొన్నానో ఆ ఒక్క పని, నోట్ సేవ్ చేయడం, నావల్ల కావట్లేదు. అయిదు లైన్లు. ఒప్పుకున్నారు. రెండోసారి చదివింది మనిషో మిషనో నాకు తెలీదు, కానీ అప్పట్నుంచి ఆవేశం డెవలపర్ మెయిల్‌కి దాచుకుని, స్టోర్ ఫారంలో మాత్రం మెకానిక్‌కి బండి రిపేరు చెప్పినట్టు రాస్తా. "అందుబాటులో లేదు" అని రాస్తే వాళ్ళకి సర్వర్ డౌన్ అయినట్టు వినపడుతుంది, "ఈ పని చేయలేకపోతున్నా, ఎందుకంటే ఈ బటన్ చదవట్లేదు" అంటే వినపడాల్సినట్టు వినపడుతుంది.

టైమ్ అందరికీ ఒకే కొలత కాదు, దీని దగ్గరికి మళ్ళీ వస్తా అని ఇందాక అన్నా కదా. యాపిల్‌లో యాప్ లోపల కొన్నవాటికి రిఫండ్ అడిగితే, కొన్నిసార్లు ఆ డెవలపర్ సర్వర్‌కి ఒక కబురు వెళ్తుంది, ఈ కస్టమర్ రిఫండ్ అడుగుతున్నారు, మీ దగ్గరున్న వాడకం వివరాలు చెప్పండి అని. వాళ్ళు 12 గంటల్లోపు చెప్పాలి, అదీ కస్టమర్ ఒప్పుకుని ఉంటేనే. అందులో చెప్పగలిగే వాటిల్లో ఆ యాప్‌లో ఎంతసేపు గడిపారు అనేది కూడా ఒకటిగా పెట్టారు. నిర్ణయం చివరికి యాపిల్‌దే, ఈ లెక్కకి ఎంత విలువిస్తారో బయటికి చెప్పరు. ఇది అన్యాయంగా అడిగేవాళ్ళని పట్టుకోడానికి పెట్టారు, తప్పు లేదు, గేమ్ మొత్తం ఆడేసి నాణేలన్నీ ఖర్చుపెట్టేసి డబ్బులడిగేవాళ్ళు ఉంటారు మరి. కానీ మన సంగతి ఆలోచించండి. చూపున్నోడికి యాప్ నచ్చకపోతే 2 నిమిషాల్లో మూసేస్తాడు. మనం? ఏదో ఒక దారి ఉంటుందిలే అని, స్వైప్ చేసి, వేలితో తెరంతా తడిమి, సెట్టింగులు మార్చి, ఫోన్ తిప్పి అడ్డంగా పెట్టి, ఆపేసి మళ్ళీ తెరిచి, గంటన్నర కుస్తీ పడతాం. లెక్కలో అది ఎలా పడుతుంది? గంటన్నర వాడింది. పనికిరాని యాప్‌తో ఎంత ఎక్కువ పోరాడితే దాన్ని అంత ఎక్కువ "వాడినట్టు". అందుకని నేను ఈ గంటన్నర సంగతి కూడా కారణంలో రాసేస్తున్నా, "ఇంత సేపు ప్రయత్నించా, ఒక్క పనీ పూర్తి కాలేదు" అని.

కొందరు అడుగుతారు, మీకు లేబుళ్ళు మీరే పెట్టుకునే సౌకర్యం ఉందటగా అని. ఉంది. వాయిస్‌ఓవర్‌లో రెండు వేళ్ళతో డబుల్ ట్యాప్ చేసి అలాగే నొక్కి పట్టుకుంటే మన సొంత పేరు పెట్టుకోవచ్చు, టాక్‌బ్యాక్ మెనూలో కూడా ఉంది. 2020లో ఐఓఎస్ 14తో స్క్రీన్ రికగ్నిషన్ కూడా వచ్చింది, తెర మీద బొమ్మని ఫోనే చూసి ఇది బటన్, ఇది స్లైడర్ అని ఊహించి చెప్తుంది, చాలాసార్లు నా ప్రాణం కాపాడింది కూడా. కానీ పేరు పెట్టాలంటే ముందు అదేంటో తెలియాలి కదా, తెలియాలంటే చూపున్నోళ్ళని అడగాలి, అడిగి పెట్టుకుంటే తర్వాతి అప్‌డేట్‌కి ఆ పేర్లు చెదిరిపోయే ప్రమాదం ఉంది. డబ్బు కట్టి కొన్న ఇంటికి తలుపులు నేనే బిగించుకోవాలా? ఉచిత యాప్ అయితే బిగించుకుంటా, కృతజ్ఞతతో కూడా బిగించుకుంటా. గేమ్స్‌కి అయితే ఈ ఉపాయం కూడా చాలాసార్లు నడవదు, తెర మొత్తం ఒకే బొమ్మలాగా గీసేస్తారు, స్క్రీన్ రీడర్‌కి లోపల పట్టుకోడానికి ఒక్క కొక్కెం కూడా ఉండదు.

ఇంకో రకం ఉంది, దాని గురించి ఎక్కువ మాట్లాడితే బీపీ పెరుగుతుంది. కొన్నప్పుడు బాగానే పనిచేసి, ఏడాది తర్వాత అప్‌డేట్‌తో పాడయ్యేవి. "కొత్త రూపం, కొత్త అనుభవం" అని నోటు పెడతారు, లోపల మొత్తం తిరగరాసేసి ఉంటారు, పాత లేబుళ్ళన్నీ ఆ తిరగరాతలో కొట్టుకుపోతాయి. ఒకసారి జీవితాంతం లైసెన్స్ అని ఒక యాప్‌కి పెద్ద మొత్తమే కట్టా, పద్నాలుగు నెలలు హాయిగా వాడుకున్నా, ఒక ఉదయం లేచి తెరిస్తే అదే పాట, బటన్, బటన్, బటన్. జీవితాంతం అన్నది ఎవరి జీవితమో అప్పుడర్థమైంది. రిఫండ్ గడువు ఎప్పుడో పోయింది, పాత వెర్షన్‌కి వెళ్దామంటే స్టోర్‌లో అలా వెనక్కి వెళ్ళే దారే లేదు. దీనికి రిఫండ్ పద్ధతుల్లో జవాబు లేదు, ఎందుకంటే రిఫండ్ అనేది కొన్న రోజు నుంచి లెక్క, పాడు చేసిన రోజు నుంచి కాదు. నేను చేసేదల్లా ఒకటే, నాకు ముఖ్యమైన యాప్స్‌కి ఆటో అప్‌డేట్ ఆపేసి, వేరేవాళ్ళు ఎవరైనా వేసి బతికి బయటపడ్డాక అప్పుడు వేస్తా. భద్రతకి మంచిది కాదని తెలుసు. ఏం చేస్తాం.

స్టోర్ బయట, వాళ్ళ సొంత వెబ్‌సైట్‌లో డబ్బు కట్టించుకునే యాప్స్ సంగతి ఒక్క ముక్కలో చెప్తా, అక్కడ కొంటే స్టోర్ రిఫండ్ మర్చిపోండి, స్టోర్ వాళ్ళకి ఆ లావాదేవీతో సంబంధమే లేదు. నేనొకసారి అలా కట్టి, రిఫండ్ అడగడానికి వెళ్తే, బొమ్మల్లో ట్రాఫిక్ లైట్లు గుర్తుపట్టమంది. నన్ను. తర్వాత చాట్ డబ్బా ఒకటి తెరుచుకుంది, టైప్ చెయ్యొచ్చు గానీ పంపే బటన్ చదవట్లేదు. తమ్ముణ్ణి పిలిస్తే వాడు చూసి "అక్కా, ఇక్కడ పెద్దగా ఆకుపచ్చ రంగులో ఉందిగా" అన్నాడు. ఉంటుంది నాయనా. బ్యాంకుకి ఫోన్ చేసి ఆ చెల్లింపు మీద వివాదం వేద్దామా అనుకున్నా, చివరికి మెయిల్‌తోనే తేలింది. స్టోర్ కొనుగోళ్ళ మీద మాత్రం తొందరపడి బ్యాంకు దగ్గరికి వెళ్ళకండి, అకౌంట్‌కే చిక్కు రావచ్చు, ముందు స్టోర్ దారిలోనే రెండుసార్లైనా అడగండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, స్టోర్ అమ్మ కూడా కాదు.

మంచి మాట కూడా చెప్పాలి. యాపిల్ 2025లో యాప్ స్టోర్ పేజీల్లో యాక్సెసిబిలిటీ న్యూట్రిషన్ లేబుల్స్ అని మొదలుపెట్టింది, యాప్ వాయిస్‌ఓవర్‌తో పనిచేస్తుందా, పెద్ద అక్షరాలు వస్తాయా, మాటతో ఫోన్ నడిపే వాయిస్ కంట్రోల్ ఉందా, ఇలాంటివి కొనేముందే పేజీలో చదువుకోవచ్చు. స్క్రీన్‌షాట్లు చూడలేని మాకు ఇన్నేళ్ళకి సరుకు తిప్పి చూసే అవకాశం వచ్చినట్టు. ప్రస్తుతానికి డెవలపర్లు ఇష్టమైతే నింపొచ్చు, ముందు ముందు తప్పనిసరి చేస్తామన్నారు. నింపేది కూడా డెవలపరే, కాబట్టి పూర్తిగా నమ్మేయలేం, కానీ నాకు దీన్లో కనిపించిన లాభం వేరే. ఆ లేబుల్‌లో వాయిస్‌ఓవర్ పనిచేస్తుంది అని రాసి, కొన్నాక పనిచేయకపోతే, అప్పుడు "అనుకున్నట్టు లేదు" అనే గడి నిజంగా మన గడి అవుతుంది. ఇదివరకు అనుకున్నది నేను, ఇప్పుడు చెప్పింది వాళ్ళు. రిఫండ్ కారణంలో ఆ లేబుల్ సంగతి తప్పకుండా ఎత్తండి. లేబుల్స్ లేని పాత యాప్స్‌కైతే యాపిల్‌విస్ డైరెక్టరీ ఉంది, చూపులేని వాడకందార్లే ఏ యాప్ ఎంత పనిచేస్తుందో రాసిపెడతారు, 2024లో అది మూతపడబోతుంటే, చూపులేనివాళ్ళకి సాయం చేసే బీ మై ఐస్ అనే యాప్ వాళ్ళు తీసుకుని నిలబెట్టారు. నేను కొనేముందు అక్కడ వెతక్కుండా కొనను. ఆండ్రాయిడ్ కొనుగోళ్ళ దగ్గరే ఇలా మొండిధైర్యం చేసి దెబ్బ తింటుంటా.

మళ్ళీ ఆ సౌండ్ యాప్ దగ్గరికి. డబ్బు వచ్చాక ఊరుకోవచ్చు, కానీ పైన చెప్పానుగా, స్టోర్ ఆయనకి కారణం చెప్పదు, కాబట్టి నేనే డెవలపర్‌కి మెయిల్ రాశా. మీ యాప్ వెనక్కి ఇచ్చేశా, కోపం లేదు, మీ బటన్లకి పేర్లు లేవు, టాక్‌బ్యాక్‌తో వాడలేకపోయా అని. మర్యాదగా జవాబిచ్చాడు, సారీ చెప్పాడు, "ఏ బటనో చెప్తే సరిచేస్తా" అన్నాడు. ఇక్కడ ఇరుక్కున్నా. ఏ బటన్ అని చెప్పను? దానికి పేరు లేకపోవడమే కదా నా ఫిర్యాదు! "పైవరసలో ఎడమ నుంచి నాలుగోది, నొక్కితే నా రికార్డింగ్ సగం పోయేది" అని రాశా. ఆయన ఫోన్‌లో వరస వేరేగా ఉందట, నాలుగోది వాల్యూమ్ అన్నాడు. తమ్ముణ్ణి కూర్చోబెట్టి, రిఫండ్ అయ్యాక యాప్ నా ఫోన్‌లోంచి పోయింది కాబట్టి స్టోర్ పేజీలో స్క్రీన్‌షాట్ తెరిచి చూడమన్నా.

"అక్కా, అది కత్తెర బొమ్మ."

"మిగతావి?"

"ఒకటి బాణం గుండ్రంగా తిరిగినట్టుంది, ఒకటి మూడు గీతలు, ఇంకోటి... నాకూ తెలీట్లేదక్కా, ఏదో చుక్క."

చూపున్నోడికీ తెలీట్లేదట. కాస్త హాయిగా అనిపించింది, దాచుకోవడం ఎందుకు.

అవన్నీ రాసి పంపా, బటన్‌కి పేరు పెట్టడం అంటే ఆండ్రాయిడ్‌లో కంటెంట్ డిస్క్రిప్షన్ అని ఒక్క లైన్ ఉంటుందని, గూగుల్ వాళ్ళ యాక్సెసిబిలిటీ స్కానర్ అనే ఉచిత యాప్ నడిపితే ఎక్కడెక్కడ పేర్లు లేవో అదే పట్టిస్తుందని, అన్నిటికన్నా మంచిది టాక్‌బ్యాక్ ఆన్ చేసి కళ్ళు మూసుకుని సొంత యాప్ 10 నిమిషాలు వాడి చూడమని. మూడు వారాలకి అప్‌డేట్ వచ్చింది. "చిన్న సవరణలు" అని రాశాడు నోటులో. మా ఫ్రెండ్ ఒకావిడ దగ్గర ఆ యాప్ ఉంది, ఆవిడకీ చూపు లేదు, ఆవిడ తెరిచి ఫోన్‌లో నాకు వినిపించింది. ఇప్పుడు బటన్లకి పేర్లున్నాయి. నాలుగోది ఏమంటోందంటే, "ఐసీ అండర్‌స్కోర్ సిజర్స్ అండర్‌స్కోర్ ట్వంటీఫోర్, బటన్." బొమ్మ ఫైల్ పేరే తెచ్చి పెట్టేశాడు మహానుభావుడు. ఇద్దరం ఫోన్లో నవ్వుకుని నవ్వుకుని చచ్చాం. కానీ కత్తెర అని తెలుస్తోంది కదా, అది చాలు, ఆవిడ అప్పుడే వాడేస్తోంది కూడా. అలల బొమ్మ మాత్రం ఇంకా మౌనమే, దానికి టైమ్ పడుతుందన్నాడట.

నేను మళ్ళీ కొనాలా అని ఆలోచిస్తున్నా. గూగుల్ ప్లేలో ఒక యాప్‌కి రిఫండ్ ఒక్కసారే, అదే యాప్ రెండోసారి కొంటే ఇక వెనక్కివ్వరు. అంటే ఈసారి ఆయన మీద నమ్మకంతోనే కొనాలి, వలలేని సర్కస్ లాగా. విష్‌లిస్టులో పెట్టా. అలల బొమ్మ ఏదో ఒకటి పలికిన రోజు ఫోన్ చెయ్యమని ఫ్రెండ్‌కి చెప్పా, ఫైల్ పేరు పలికినా సరే.